సొన్నలిగె సిద్ధరామేశ్వరుడు – సహజ నాయకత్వము

నాయకత్వము మనుష్యునకు రెండు విధములుగా లభించును. వంశము వలనను, ధనము వలనను, రాజముద్రిక వలనను లభించునది యొకటి. ఆ ముద్రిక చేతనున్నంత వరకే అది నిలుచును. ఎవరును నియమింపకయే, ఎవరును చాటింపకయే, ఒక్కని వెంట పదిమందియు, ఆ పదిమంది వెంట వేయిమందియు నడచుట రెండవది. దీనినే పెద్దలు సహజ నాయకత్వమందురు. నీరు పల్లమునకు పారినంత సహజముగ జనులు అట్టివాని యొద్దకు చేరుదురు. కాని పారు నీటికి గట్టు లేనిచో అదియే ఊరిని ముంచివేయును. సహజముగ లభించిన నాయకత్వమునకును అట్టి గట్టు అవసరము. పన్నెండవ శతాబ్దమున జీవించిన సొన్నలిగె సిద్ధరామేశ్వరుని చరిత్రమున ఆ నీరును గలదు, ఆ గట్టును గలదు. అందుచేతనే శివశరణులలో ఆయనకొక విశిష్టస్థానము లభించినది.

సొన్నలిగె యనగా నేటి మహారాష్ట్రములోని షోలాపూరు. ఆ కాలమున అది మహానగరము గాదు. మెట్టసీమలోని చిన్న గ్రామము. భీమా, సీనా నదులు ఆ ప్రాంతమున పారుచున్నను, వాన తక్కువగు నేల యది. వర్షము కురిసిన యేడు జొన్న పండును. కురియని యేడు మనుష్యులును పశువులును నీటికై అలమటింతురు. అట్టి గ్రామమున పెద్దయైన ముద్దుగౌడునకును, సుగ్గవ్వకును సిద్ధరాముడు జన్మించెను. రేవణసిద్ధేశ్వరుడు ఆ శిశువు జననమును ముందుగనే పలికెనని భక్తుల విశ్వాసము. ఈ మహనీయుని కథను కన్నడకవి రాఘవాంకుడు సిద్ధరామచరిత్రమను షట్పదీకావ్యముగా రచించెను. రాఘవాంకుడు హరిహర మహాకవికి మేనల్లుడును శిష్యుడును, హరిశ్చంద్రకావ్యకర్తగా ప్రసిద్ధుడు.

గ్రామపెద్ద కుమారుడు గావున సిద్ధరామునకు ఊరిలో గౌరవము పుట్టుకతోనే రావలసియుండెను. కాని అట్లు జరుగలేదు. బాలుడు మాటలాడడు, తోడి పిల్లలతో ఆటలాడడు, పిలిచినను ఒక్కొక్కసారి పలుకడు. ఊరివారు వానిని మందమతిగా తలచిరి. తలిదండ్రులు చింతించిరి. పశువులను మేపుటకును, చేనికి కాపు గాయుటకును వానిని పంపుచుండిరి. పెద్దరికము ఇంటనే యున్నను అది ఆ బాలునకు అక్కరకు రాలేదు. ఆయన పొందిన గౌరవము తండ్రి గడప నుండి వచ్చినది కాదని గ్రహించుటకు ఈ విషయము జ్ఞప్తియందుంచుకొనదగినది.

ఒకనాడు బాలుడు చేని గట్టున నుండగా ఒక జంగమమూర్తి ఆ దారిని వచ్చెను. తన పేరు మల్లయ్య యనియు, తన నివాసము శ్రీశైలమనియు, తనకు ఆకలిగా నున్నదనియు పలికెను. అంతవరకు ఎవరితోడను పలుకని బాలుడు ఆ అతిథితో మాటలాడెను. చేనిలోని లేత కంకులను తెచ్చి సమర్పించెను. జంగముడారగించి, కడుపు మండుచున్నది, చల్ల కలిపిన అన్నము కావలెననెను. బాలుడు వెనుకముందు చూడక ఇంటికి పరుగెత్తెను. పలుకని కుమారుడు పలుకుట చూచి తల్లి ఆశ్చర్యపడి, ఆనందించి, అన్నము కలిపి యిచ్చెను. వాడు తిరిగి వచ్చునప్పటికి చేనిలో అతిథి లేడు. మల్లయ్యా మల్లయ్యా యని పిలుచుచు బాలుడు గట్లన్నియు వెదకెను. ఆ దారిని శ్రీశైలయాత్రకు పోవుచున్న భక్తులు వాని దుఃఖము చూచి, మల్లయ్యను చూపింతుము రమ్మని వెంటబెట్టుకొని పోయిరి.

సొన్నలిగె నుండి శ్రీశైలము మూడువందల కిలోమీటర్లకు మించిన దూరము. మైదానములు దాటి, నల్లమల అడవులలో ప్రవేశించి, కొండలెక్కవలెను. ఆనాటి పర్వతయాత్ర ఎంతటి శ్రమతో గూడినదో తెలిసికొనుటకు తెలుగువారికి పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రమందలి పర్వతప్రకరణము కలదు. అట్టి దారిని ఆ బాలుడు చేతిలో అన్నముతో, నోట మల్లయ్య పేరుతో నడచెను. శ్రీశైలమున భక్తులు గర్భాలయములోని మల్లికార్జునలింగమును చూపి, ఇతడే మల్లయ్య యనిరి. బాలుడంగీకరింపలేదు. తన చేనికి వచ్చి ఆకలి యన్న మల్లయ్య తనకు కావలెను. కొండలలో వెదకి వెదకి, కనుగొనలేక, లోయ యంచున నిలిచి దూకబోయెను. అప్పుడు మల్లికార్జునుడు ప్రత్యక్షమై చేయి పట్టి ఆపెనని కావ్యకర్త వర్ణించెను. స్వామి ఆ బాలుని కొండపై నుంచుకొనలేదు. సొన్నలిగెకు మరలిపొమ్మనియు, ఆ ఊరినే రెండవ శ్రీశైలము గావింపుమనియు ఆనతిచ్చెను.

ఈ కథలోని అంతరార్థము సూక్ష్మమైనది. ఆ బాలుని మౌనమును తలిదండ్రుల లాలన భేదింపలేదు, ఊరివారి హేళన భేదింపలేదు. పరుని ఆకలి భేదించినది. ఆకలిగొన్న వాని పిలుపునకు తొలుత బదులు పలికినవాడే పిదప వేలమందికి నాయకుడయ్యెను. మరియు దేవుడు వానిని తన సన్నిధికి రప్పించుకొని, ఊరికే తిరిగి పంపెను. శరణధర్మమున భక్తి కొండపై ముగియదు, ఊరిలో మొదలగును.

సిద్ధరాముడు సొన్నలిగెకు మరలివచ్చెను. ఆ సీమను పాలించు వారి రాణియైన చామలాదేవి భూమి నొసగెననియు, అందు కపిలసిద్ధమల్లికార్జునునకు ఆలయము నిర్మింపబడెననియు చరిత్రకర్తలు చెప్పుదురు. ఊరి చుట్టును అరువదియెనిమిది లింగములను ఆయన ప్రతిష్ఠించెను. పిదప ఆయన దృష్టి నీటిపై పడెను. దేవునకు గుడి కట్టి, జనులకు నీరు లేకున్న ఆ ఊరు శ్రీశైలమెట్లగును? అందుచేత చెరువు త్రవ్వుటకు పూనుకొనెను.

దక్కను పీఠభూమిలో చెరువు పని యనగా సామాన్యమైనది గాదు. పల్లమును గుర్తించి, పలుగుతో నేలను పెళ్లగించి, పారతో తట్టలకెత్తి, తలపై మోసి, ఆ మట్టినే కట్టగా పోయవలెను. పోసిన మట్టిని పొర తరువాత పొరగా నీరు చల్లి దిమ్మిసతో గట్టిపరుపవలెను. నీటి కోతకు కట్ట కరగకుండ లోపలి వైపున రాతిని పేర్చవలెను. పొలములకు నీరు పోవుటకు తూము, అధికజలము పోవుటకు అలుగు కావలెను. ఒక్కచోట కట్ట బలహీనమైనను మొదటి పెద్దవానకే అంతయు కొట్టుకొనిపోవును. ఇట్టి పనికి వందలాది చేతులు నెలల తరబడి ఒకే మనస్సుతో కదలవలెను.

ఆ చేతులు సిద్ధరాముని చుట్టు చేరినవి. ఆయన యొద్ద సైన్యము లేదు. శిక్షించు నధికారము లేదు. ఆయన గట్టుపై నిలిచి ఆజ్ఞాపించినవాడు కాడు; మట్టిపని చేయువారి నడుమ తానొకడై మెలగినవాడు. నాయకుని శిరస్సుపై తట్ట యున్నప్పుడు అనుచరులకు ఆజ్ఞ అవసరము లేదు. చెరువుతో పాటు బావులు వెలసినవి. వచ్చినవారికి అన్నము వడ్డించు దాసోహము నడచినది. సొన్నలిగె పేరు దూరదేశములకు ప్రాకినది. మూగవాడని ఒకప్పుడు ఊరివారు జాలిపడిన బాలుడు శివయోగియని, కర్మయోగియని కీర్తింపబడెను.

కీర్తి మంచిదే. కాని అది తడి మట్టి వంటిది. నడచు కొలది కాలికి అంటుకొని బరువెక్కును. ఈ గుడి సిద్ధరామునిది, ఈ చెరువు సిద్ధరామునిది యని జనులనుచుండగా, వినువాని హృదయమున ఒక సూక్ష్మమైన నేను మొలకెత్తకుండుట దుర్లభము. సిద్ధరామునకు ఆ మొలక కనబడలేదు. దానిని చూపుటకు అల్లమప్రభువు రావలసివచ్చెను.

అల్లమప్రభువు ఆనాటి శరణులలో జ్ఞానస్వరూపుడు. ఊరూర తిరుగుచు, సాధకులలోని లోపమును నిర్దాక్షిణ్యముగ చూపి సరిదిద్దినవాడు. ఆయన సొన్నలిగె చేరి, చెరువు పని చేయుచున్న వారి యొద్ద నిలిచి, ఆ వడ్డరాముడెక్కడ నున్నాడని అడిగెను. వడ్డవాడనగా మట్టిపని, రాతిపని చేయువాడు. పనివారికి ఆ మాట శూలమువలె గ్రుచ్చుకొనెను. తమ గురువును వడ్డవాడనుటకు వీడెవడని కోపించి, చేతనున్న రాళ్లను అల్లమునిపై విసరిరి. ఆ రాళ్లు ఆయనను తాకలేదని శూన్యసంపాదనము మొదలగు గ్రంథములు చెప్పుచున్నవి.

ఇచ్చట ఆగి ఆలోచింపవలెను. ఆ రాళ్లు విసరినవారు స్వయముగ మట్టిపని చేయువారు. తాము చేయుచున్న పని పేరే తమ గురువునకు పెట్టగా అది అవమానమని వారికెందుకు తోచెను? కాయకమున ఎచ్చుతగ్గులు లేవని బసవేశ్వరుడు కల్యాణమున బోధించుచున్న కాలమది. చెప్పులు కుట్టువాడును, బట్టలుదుకువాడును, పడవ నడుపువాడును శరణులై సమానముగ కూర్చుండుచున్న కాలమది. కాని సొన్నలిగెలో పని మాత్రమే జరిగినది. పనిపై గౌరవము పనివారి హృదయములలో ఇంకను పాతుకొనలేదు. అనుచరుల చేతిలోని రాయి నాయకుని బోధనలోని కొరతను వెల్లడించును. వేలమందిని పనికి కూర్చగలిగిన సిద్ధరాముడు, ఆ పని నీచము గాదను నమ్మకమును వారికింకను ఈయలేకపోయెను.

వార్త విని సిద్ధరాముడు వచ్చెను. తన వారిని మందలించుటకు బదులు తానును కోపించెను. ఆయన నొసటి కన్ను తెరచెననియు, అందుండి వెడలిన మంటను అల్లముడు తన మహిమచే అణచెననియు కథకులు వర్ణింతురు. ఆ వర్ణనను ఎట్లు గ్రహించినను, యోగియైన వానికి కోపము వచ్చినదనుట మాత్రము స్పష్టము. కోపము చల్లారిన పిదప అల్లముడు సంవాదమునకు పూనెను. గుడులు కట్టినచో పుణ్యము వచ్చును, చెరువులు త్రవ్వినచో పుణ్యము వచ్చును. ఆ పుణ్యమును అనుభవించుటకు మరల జన్మమెత్తవలెను గదా యని ఆయన ప్రశ్నించెను. రాతిలో లింగమును ప్రతిష్ఠించిన చేయి తనలోని లింగమును గుర్తించినదా యని విచారించెను. చేసితినను తలంపు మిగిలియున్నచో, చేసిన సత్కార్యమే సంకెల యగునని బోధించెను.

సిద్ధరాముని జీవితమున ఇదియే పరీక్షాసమయము. చుట్టును తనకై ప్రాణమిచ్చు జనులున్నారు. ఎదుట ఒంటరిగా ఒక పరదేశి యున్నాడు. కనుసైగ చేసిన చాలును, ఆ పరదేశిని పొలిమేర దాటించుటకు వందమంది సిద్ధముగ నున్నారు. తాను పొరబడితినని అనుచరుల యెదుట ఒప్పుకొన్నచో వారి విశ్వాసము సడలునేమో! మొదలిడిన పని నిలిచిపోవునేమో! పెద్ద పదవులలో నున్న వారనేకులు ఈ భయముచేతనే సత్యమును విననట్లు నటింతురు. సిద్ధరాముడట్లు చేయలేదు. తాను నిర్మించిన ఊరి నడుమ, తన జనులందరు చూచుచుండగా, అల్లమునకు శరణు చెప్పెను. వేలమంది తనను అనుసరించుచుండగా తానొకరిని అనుసరించుటకు సమ్మతించెను. ఆనాడు ఆయన నాయకత్వము తగ్గలేదు; ఆనాడే అది పరిపూర్ణమగుట కారంభించెను.

ఇరువురును కల్యాణమునకు బయలుదేరిరి. అది నేటి కర్ణాటకములో బీదరు జిల్లాయందలి బసవకల్యాణము. కలచుర్య బిజ్జలుని యొద్ద భండారియై, ప్రధానియైన బసవేశ్వరుడు ఆ నగరమున అనుభవమంటపమును నెలకొల్పియుండెను. వారు వాకిట నిలిచినప్పుడు బసవేశ్వరుడు లింగపూజలో నుండెను. అతిథులను లోనికి తోడ్కొని రమ్మని హడపద అప్పన్నను పంపెను. బసవడు స్వయముగ రానిదే అల్లముడు గడప దాటుటకు అంగీకరింపలేదు. జంగముడు వాకిట నిలిచియుండగా పూజ కొనసాగించుట తగదని మేనల్లుడైన చన్నబసవన్న హెచ్చరించెను. బసవేశ్వరుడు వెంటనే లేచి వచ్చి, అతిథుల పాదములపై వ్రాలి క్షమాపణ వేడెను. తనకంటె చిన్నవాడు చెప్పిన తప్పును ఒక మహామంత్రి అందరి యెదుట అంగీకరించుట సిద్ధరాముడు కన్నులార చూచెను. తాను సొన్నలిగెలో చేసిన దానినే ఇచ్చట మరియొక మహనీయుడు చేయుచున్నాడు. అట్టి గృహమున అడుగిడుట ఆయనకు ఊరట గలిగించియుండును.

కాని కల్యాణమున ఆయనకింకొక పరీక్ష వేచియుండెను. సిద్ధరాముడు యోగి, శరీరముపై ఇష్టలింగమును ధరించినవాడు కాడు. లింగధారణ లేనివానిని శరణగణమున చేర్చుకొనరాదని చన్నబసవన్న పట్టుపట్టెను. అంతరంగమున పరతత్త్వము నెరిగిన తనకు బాహ్యచిహ్నమెందులకని సిద్ధరాముడు వాదించెను. ఆ వాదము తేలికైనది గాదు. బయటి గుళ్లను నమ్ముకొనవలదని అల్లముడు చెప్పెను గదా! ఇప్పుడు చేతి లింగమును ధరింపుమని చన్నబసవన్న చెప్పుచున్నాడు. ఈ రెండును పరస్పరవిరుద్ధములుగా తోచును. ఆలోచించినచో విరోధము లేదు. గుడిలోని లింగము కట్టించినవాని పేరును మోయును. చేతిలోని లింగము ధరించినవాని అహమును కరిగించును. రాజునకును, కూలివానికిని, స్త్రీకిని, పురుషునకును అది ఒక్కటే పరిమాణమున అరచేతిలో ఇముడును. నాకు అవసరము లేదనుటయందును ఒక నేను దాగియున్నది. అందరితోపాటు ధరించుటయందు ఆ నేను కరగిపోవును.

తుదకు సిద్ధరాముడు సమ్మతించి చన్నబసవన్న చేత ఇష్టలింగదీక్షను గ్రహించెను. చన్నబసవన్న వయస్సున చిన్నవాడు. సిద్ధరాముడో, అప్పటికే ఒక ఊరిని నిర్మించిన మహాయోగి. గురుత్వమునకు వయస్సు గాని, కీర్తి గాని కొలమానము గాదని ఆయన తన శిరస్సు వంచి చాటెను. శూన్యసింహాసనమున అల్లమప్రభువు తరువాత చన్నబసవన్నయు, ఆయన తరువాత సిద్ధరామేశ్వరుడును అధిష్ఠించిరని సంప్రదాయము. క్రిందికి వంగుట నేర్చిన వానికే ఆ పీఠము లభించినది.

1167 ప్రాంతమున కల్యాణమున ఘోరవిప్లవము సంభవించినది. హరళయ్య కుమారునకును మధువరసు కుమార్తెకును జరిగిన వివాహము, తదుపరి శిక్షలు, బిజ్జలుని మరణము, శరణులు నలుదిక్కులకు చెదరిపోవుట అందరికిని తెలిసినదే. సిద్ధరాముడు మరల సొన్నలిగెకు చేరెను. అల్లముని బోధ విని ఆయన సేవను విడిచిపెట్టెనని తలచుట పొరబాటు. దాసోహము నడచుచునే యున్నది. చెరువు నీరు నిలుచుచునే యున్నది. పని మారలేదు, పనిలోని కర్త మారెను. చేసినది తానను తలంపు తొలగి, తన చేతులతో కపిలసిద్ధమల్లికార్జునుడే చేయుచున్నాడను భావము నిలిచినది. ఆ నామమునే తన వచనములకు అంకితముగా నుంచెను. ఆయన వచనములు వేయికి పైగా నేటికిని లభించుచున్నవి. స్త్రీని మాయయని నిందించుటను ఆయన నిరాకరించి, ఆమెయందు దైవమునే దర్శించెను. సొన్నలిగెలోనే ఆయన శివైక్యమందెను.

నేటికిని షోలాపూరు నగరమధ్యమున చెరువు నీటి నడుమ సిద్ధేశ్వరాలయము ప్రకాశించుచున్నది. ఆ ప్రాంగణముననే ఆయన సమాధి గలదు. ప్రతి సంవత్సరము మకరసంక్రాంతికి అచ్చట మహోత్సవము జరుగును. ఒక కుమ్మరి కన్య సిద్ధరాముని వరింపగోరగా, సన్న్యాసియైన ఆయన తన యోగదండముతో ఆమె వివాహమునకు అనుమతించెనను కథ యొకటి గలదు. ఆ కల్యాణమునకు గుర్తుగా ఏడు నందిధ్వజములు ఊరేగును. పొడవైన ఆ వెదురు ధ్వజములను వేరువేరు సముదాయముల వారు భుజముపై మోసికొని, అరువదియెనిమిది లింగములను దర్శించుచు నడతురు. తెలంగాణము నుండి వలసపోయి మగ్గములపై జీవించిన పద్మశాలీయుల తెలుగు పలుకు ఆ నగరవీథులలో వినబడుచుండును. కర్ణాటకమున మట్టిపని, రాతిపని కులవృత్తిగా గల భోవి జనులు సిద్ధరామేశ్వరుని తమ కులగురువుగా కొలుచుచున్నారు. ఆనాడు వడ్డరాముడన్న పిలుపు అవమానమని రాళ్లు లేచినవి. నేడు ఆ పనివారి సంతతియే ఆ గురువు మావాడని గర్వముతో చెప్పుకొనుచున్నది. అల్లముడు వేసిన ప్రశ్నకు కాలము చెప్పిన సమాధానమిది.

ప్రతి గ్రామమునను, ప్రతి సంఘమునను పనులు నెత్తిన వేసికొను ఉత్సాహవంతులుందురు. మఠమునకు గోడ కట్టించువారు, వసతిగృహమునకు బియ్యము సమకూర్చువారు, పెండ్లిపందిళ్లలో ముందు నిలుచువారు వీరే. జనులు సహజముగనే వారి వెంట నడతురు. అట్టివారికి సిద్ధరామేశ్వరుని జీవితము అద్దము వంటిది. తప్పును చూపిన పరదేశి వాకిట నిలిచినప్పుడు అనుచరుల చేతులలో రాళ్లున్నవా, పూలున్నవా యని చూచుకొనవలెను. రాళ్లున్నచో వారిని నిందింపక, ముందుగా తన నొసటిని తడవి చూచుకొనవలెను. చిన్నవాడు చెప్పినను సత్యమునకు తలవంచగలిగిన వాడే పదిమందికి దారి చూపగలడు. అట్టివాడు కట్టిన చెరువు నిండును. అట్టివాడు నడపిన సంఘము నిలుచును.